మార్కు ముందు పిల్లోడికి చేరాలి, ఆ తర్వాతే ఇంటికి

మేడం, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆదోని దగ్గర ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెబుతున్నారు, ఈ ఏడాది మీ కరస్పాండెంట్ ఆన్‌లైన్ మార్కుల బుక్ పెట్టించి తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లూ మీ నెత్తిన పెట్టాడు, తల్లిదండ్రుల్లో సగం మంది దాన్ని తెరిచి కూడా చూడరు, చూసే సగం మంది రాత్రి పదింటికి ఫోన్ చేసి "మావోడికి ఇంతే ఎందుకు వేసినారు" అని మొదలుపెడతారు, పిల్లలేమో మీరు వరండాలో ఎదురైతే మొహం తిప్పుకుంటున్నారు. ఆపేయమంటారా, నడిపే పద్ధతేమైనా ఉందా అని కదా అడిగారు. ఆపొద్దు. కానీ ఇప్పుడు నడుపుతున్నట్టు మాత్రం నడపొద్దు.

నేను ప్రొద్దుటూరులో లెక్కలు చెబుతాను, 22 ఏళ్లయింది. చివరి 8 ఏళ్లుగా మా స్కూల్లో మార్కుల పనంతా నా మెడకే ఉంది. పొడుగు రిజిస్టర్లో ఎర్ర ఇంకు, నీలం ఇంకు కాలం నుంచి మొదలుపెట్టి ఎక్సెల్, గూగుల్ షీట్, ఒక ఏడాది డబ్బులు కట్టి తెచ్చుకున్న యాప్, మళ్లీ గూగుల్ షీట్, అన్నీ చూశాను. ఒక్కోదాంట్లో ఒక్కో రకం దెబ్బ తిన్నాను కాబట్టి మాట అక్కడక్కడా కటువుగా ఉంటే ఏమనుకోవద్దు.

మీరు చెప్పిన గొడవలన్నిటికీ వేరు ఒక్కటే అని నాకనిపిస్తోంది. మార్కు పిల్లోడికి తెలియకముందే ఇంటికి తెలిసిపోతోంది. పాత ప్రోగ్రెస్ కార్డు రోజుల్లో ఎట్లుండేదో గుర్తు తెచ్చుకోండి. పేపర్లు క్లాసులో ఇచ్చేవాళ్లం, పిల్లోడు చూసుకునేవాడు, ఏడ్చేవాడు ఏడ్చేవాడు, పక్కోడి పేపర్‌తో పోల్చుకునేవాడు, వారం తర్వాత కార్డు వచ్చేది, నాన్న సంతకానికి ఎప్పుడు తీసుకెళ్లాలో ముహూర్తం చూసుకునేవాడు. అబద్ధం తయారు చేసుకోడానికి కూడా టైం ఉండేది, అది వేరే సంగతి. ఇప్పుడు మీరు నాలుగుంపావుకి మార్కులు ఎక్కిస్తారు, నాలుగున్నరకి వాళ్ల నాన్న అంగట్లో కూర్చుని చూస్తాడు, ఐదింటికి పిల్లోడు సైకిల్ దిగి గడప దగ్గరికి రాగానే "20కి 6 ఏందిరా" అంటాడు. వాడికి ఆ 6 సంగతే తెలీదు, పేపర్ ఇంకా చేతికి రాలేదు, ఏ ప్రశ్న తప్పిందో చెప్పలేడు. ఆ పూట వాడి కోపమంతా మీ మీదికే మళ్లుతుంది. మొహం తిప్పుకోవడం అందుకే.

అందుకని మా దగ్గర మూడేళ్ల కింద పెట్టుకున్న పద్ధతి ఇది: దిద్దిన పేపర్లు బుధవారం క్లాసులో చేతికిస్తాం, ఆ పీరియడ్ అంతా వాటి మీదే మాట్లాడతాం, గురువారం దాకా టోటల్ తప్పులు, దిద్దకుండా వదిలేసిన జవాబులు ఉంటే తెచ్చుకోమంటాం, శుక్రవారం సాయంత్రం ఏడున్నరకి ఇంటికి పంపుతాం. వారానికి ఒక్కసారే, అదే రోజు, అదే టైం. ఆ రెండు రోజుల గ్యాప్ వల్ల వచ్చిన లాభం నేను కూడా మొదట ఊహించలేదు. మార్కుల్లో తప్పులు సగానికి సగం పిల్లలే పట్టేస్తారు. టోటల్‌లో ఒక్క మార్కు తగ్గిందంటే వాళ్లంత శ్రద్ధగా కూడికలు ఇంకెక్కడా చెయ్యరు, లెక్కల టీచర్ని కాబట్టి చెబుతున్నాను. ఇంటికి చేరేసరికి ఆ అంకె గట్టిపడి ఉంటుంది, మీకు "సారీ అండీ, తప్పు పడింది" అనే ఫోన్లు తగ్గుతాయి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే ఒకసారి నా వేళ్ల వల్లే ఒక పిల్లోడు దెబ్బలు తిన్నాడు. పేర్లు అక్షర క్రమంలో పెడదామని గూగుల్ షీట్‌లో పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్టింగ్ కొట్టాను. పేర్లు కదిలాయి, మార్కులు ఉన్నచోటే ఉన్నాయి. అంటే 43 మంది పిల్లలకి ఎవరి మార్కులో ఎవరికో అంటుకున్నాయి. చూసుకోకుండా పంపేశాను. మరుసటి రోజు పొద్దున ఒక నాన్న గేటు దగ్గర నిలబడి "వీడు నాకు 41 వచ్చినాయని ప్రమాణం చేసినాడు సార్, నేను నమ్మలే, కొట్టినా" అన్నాడు. నిజంగానే 41. ఆయన మొహం ఇప్పటికీ గుర్తుంది నాకు. అప్పటి నుంచి రోల్ నంబర్ లేకుండా ఏ షీటూ చెయ్యను, సార్టింగ్ అంటే మొత్తం రేంజ్ సెలెక్ట్ చేసి మాత్రమే, పంపేముందు ముగ్గురి పేపర్లు చేతిలోకి తీసుకుని షీట్‌తో సరిచూస్తాను. పైన ఒకరు, నడుమ ఒకరు, చివర ఒకరు. రెండు నిమిషాల పని. మీరు ఇంకేది పాటించకపోయినా ఇది పాటించండి.

తర్వాత సున్నా సంగతి. ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ గొడవల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి. పరీక్షకు రాని పిల్లోడికి మీ వాళ్లు ఏమి వేస్తున్నారు? సున్నానా, ఖాళీనా, ఏబీ (ఆబ్సెంట్) అనా? షీట్‌లో యావరేజ్ ఫార్ములా ఖాళీ గడినీ, అక్షరాలున్న గడినీ వదిలేసి మిగతావాటికే సగటు కడుతుంది, సున్నాని మాత్రం లెక్కలోకి తీసుకుంటుంది. 16, 18 వచ్చి మూడో పరీక్షకు జ్వరమొచ్చి రాని పిల్లకి ఏబీ అని కొడితే సగటు 17. అదే గడిలో సున్నా కొడితే 11 చిల్లర. ఒకే పిల్ల, ఒకే చదువు, కొట్టిన మనిషి అలవాటును బట్టి మార్కు మారిపోయింది. ఇంకో మెలిక ఏమిటంటే మొత్తం కట్టే సమ్ ఫార్ములా కూడా ఏబీని వదిలేస్తుంది, కాబట్టి టోటల్ మాత్రం తక్కువే చూపిస్తుంది, పక్కన సగటు బాగుంటుంది, అమ్మానాన్నలకి ఏది నమ్మాలో తెలీదు. స్టాఫ్ రూంలో కూర్చుని ఒక నియమం రాసుకోండి: రాకపోతే ఏబీ, వచ్చి తెల్ల పేపరిచ్చి వెళ్తే సున్నా, పని ఇంకా ఇవ్వకపోతే "ఇవ్వలేదు". మూడూ వేరు వేరు.

మీ వైపు ఇది ఇంకా ముఖ్యం. కోసిగి, మంత్రాలయం పక్క పల్లెల నుంచి ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు మిరపకాయల కోతలకో, బెంగళూరు పనులకో పోతారు కదా, కొంతమంది పిల్లల్ని వెంట తీసుకుపోతారు. ప్రైవేటు స్కూల్లో తక్కువే అయినా ఉంటారు. రెండు నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లోడికి ఆ రెండు నెలల గడుల్లో సున్నాలు నింపి ఉంటే, వాడు మార్చి దాకా ఎంత చదివినా పైకి రాలేడు, అంకె కదలదు. వాడికి "లేడు" అని రాయండి, తిరిగొచ్చిన రోజు నుంచి కొత్తగా లెక్క కట్టండి.

రంగుల గురించి ఒక మాట. మా యాప్‌లో 35 కంటే తక్కువ ఉన్నవన్నీ ఎర్రగా చూపించేట్టు పెట్టారు, బాగానే ఉంది అనుకున్నాం. పదో తరగతి ప్రీఫైనల్ అయ్యాక హిందీలో 24, 28 వచ్చినోళ్లందరి గడులూ ఎర్రబడ్డాయి. మన రాష్ట్రంలో పదో తరగతి హిందీకి 20 వస్తే పాస్ అని యాప్ చేసినోడికి ఎవరు చెప్పారు? ఆ సాయంత్రం వచ్చిన ఫోన్లకి తల ప్రాణం తోకకొచ్చింది. మీ బుక్‌లో ఇట్లాంటి ఆటోమేటిక్ రంగులు, గ్రేడులు ఏమున్నాయో ఒకసారి తీసి చూడండి. గ్రేడులైతే నేను ఇంటికి పంపే దాంట్లో పూర్తిగా తీసేశాను. ఒక బుడ్డోడు వాళ్ల అవ్వకి "బీ2 అంటే క్లాసులో రెండో ర్యాంకు అవ్వా" అని చెప్పి పది రూపాయలు తీసుకున్నాడు. తెలివైనోడే, మార్కుల్లోనే కనపడలేదు.

ఇప్పుడు అసలు పెద్ద సమస్య, చాలా స్కూళ్లు పట్టించుకోనిది: ఆ ఒక్క మొత్తం అంకె నిజం చెప్పదు. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) వచ్చాక మనం చాలా ఏళ్లు నడిపిన ఎఫ్ఏ, అంటే ఏడాది మధ్యమధ్యలో వేసే మార్కుల లెక్క, మీకు తెలిసిందే, 50లో పిల్లల భాగస్వామ్యానికి 10, రాతపనులకు 10, ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు 20. మొదటి 30 మన చేతిలోవి, ఒక్కోదాంట్లో పదికి 8 కంటే తక్కువ ఎవరికీ వెయ్యం, వేస్తే మనకే తలనొప్పి. కాబట్టి ఆ మూడింటికీ కలిపి 28 వచ్చి లఘు పరీక్షలో 6 వచ్చిన పిల్లోడు 50కి 34, అంటే నూటికి 68 కింద కనిపిస్తాడు. వాళ్లమ్మ "పర్లేదు, ఫస్ట్ క్లాసే" అనుకుంటుంది. ఎస్ఏలో, అంటే పెద్ద రాత పరీక్షలో, పేపర్ మీద కూర్చోబెట్టగానే 68 కాస్తా 31 అవుతుంది, అప్పుడొచ్చి "మొన్నటిదాకా బాగానే ఉందన్నారు కదా సార్" అంటుంది. ఆమె తప్పేం లేదు, మనమే అట్లా చెప్పాం.

పేపర్ లెక్కలోనే ఇట్లా ఉంటే ఆన్‌లైన్ బుక్‌లో ఇంకా ముదురుతుంది. గూగుల్ క్లాస్‌రూంలో మార్కులు లెక్కకట్టే పద్ధతులు రెండున్నాయి, ఒకటి వచ్చిన మార్కులన్నీ ఊరికే కూడేయడం, రెండోది ఒక్కో విభాగానికి ఇంత శాతం అని విడగొట్టడం. మొదటిది పెట్టారనుకోండి, పది హోంవర్కులకి తలా పది చొప్పున 100, ఒక టెస్టుకి 20. హోంవర్క్ అన్న చేత రాయించుకుని 95 తెచ్చుకుని టెస్టులో 6 తెచ్చుకున్నోడికి 120కి 101, నూటికి 84! అదే హోంవర్క్‌కి సగం, టెస్టుకి సగం అని విడగొడితే 62 దాటి కొంచెం వస్తుంది. ఏ శాతం సరైనదని నేను చెప్పను, అది మీ స్కూల్ ఇష్టం, కానీ ఏ పద్ధతిలో కడుతున్నారో జూన్‌లోనే రాసి ఇంటికి పంపండి. లఘు పరీక్ష మార్కు విడిగా, అన్నిటికంటే ముందు, తల్లిదండ్రులకి కనిపించాలి. మిగతాది దాని కింద.

సరే, తెరిచి చూడని సగం మంది గురించి. మేడం, చూడటం లేదని వాళ్ల మీద కోప్పడే ముందు మీ రిజిస్టర్లో ఉన్న నంబర్ ఎవరిదో కనుక్కోండి. నేను ఒక ఏడాది ఒక సెక్షన్‌కి కూర్చుని ఒక్కొక్క నంబర్‌కీ ఫోన్ చేశాను. నాన్న నంబర్ అని ఉంటుంది, ఆయన లారీ మీద ఉంటాడు, ఫోన్‌లో బ్యాలెన్స్ ఉండదు. కొన్ని రీచార్జ్ చేయక పోయిన నంబర్లు. కొన్ని బాబాయివి. ఇంకొన్ని నేరుగా పిల్లోడి చేతిలో ఉండే ఫోన్‌వే, మనం పంపిన మార్కులు వాడే చదివి, వాడే తుడిచేస్తాడు. ఇంట్లో ఫోన్ నడిపే మొనగాడు వాడే అయినప్పుడు మన సమాచారమంతా దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. అందుకని అడ్మిషన్ ఫారంలో "తండ్రి నంబర్" అని కాకుండా "పిల్లోడి చదువు గురించి ఇంట్లో ఎవరితో మాట్లాడమంటారు, వాళ్ల నంబర్ ఏది, చదవగలరా, వింటే మేలా" అని అడుగుతున్నాం. మా దగ్గర రాజంపేట, రాయచోటి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లల్లో కొందరి అమ్మలు కువైట్‌లో ఇంటి పనికి పోయినోళ్లు. ఇక్కడ అవ్వ ఉంటుంది, ఆమెకి చదువు రాదు. అక్కడ అమ్మ చదవగలదు, ఫోన్ మాత్రం పని అయ్యాకే చేతికొస్తుంది. మనకంటే రెండున్నర గంటలు వెనక వాళ్ల టైం, మన రాత్రి ఎనిమిది అక్కడ ఐదున్నర. అట్లాంటి ఒక అమ్మ నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది: "సార్, మార్కులు నెలకోసారి చెప్పినా చాలు, వాడు రోజూ బడికొస్తున్నాడా లేదా అది చెప్పండి." నేను అన్ని కాలమ్స్ పెట్టాను, హాజరు కాలమ్ మాత్రం ఆఫీసు వాళ్ల రిజిస్టర్లో వదిలేశాను! ఆ వారమే కలిపాను. మీరూ మార్కుల పక్కన ఆ వారం ఎన్ని రోజులొచ్చాడో పెట్టండి, చాలామందికి మార్కు కంటే అదే ముందు అర్థమవుతుంది, అది చూసి వాళ్లు చేయగలిగింది కూడా ఉంటుంది.

చేయగలిగింది అన్నాను చూశారా, మెసేజ్‌లో దానికి చోటుండాలి. ఉత్త "సోషల్ 9/20" అని పంపితే వాళ్లకి తిట్టడం తప్ప ఇంకో పని కనపడదు. నేనైతే మీ సబ్జెక్టుకి ఇట్లా రాస్తాను: "సోషల్ లఘు పరీక్షలో 20కి 9. పోయినసారి 6. జవాబులు తెలుసు, మ్యాపు ప్రశ్న మాత్రం ముట్టుకోలేదు. ఈ వారం 6 రోజులకి 6 రోజులూ వచ్చాడు. ఆదివారం అట్లాసు తెరిపించి, మన మంత్రాలయం దగ్గర పారే తుంగభద్ర ఎక్కడుందో చూపించమని అడగండి." అక్షరం రాని నాన్న కూడా ఇది అడగగలడు. పిల్లోడు నది గీత మీద వేలుపెట్టి శ్రీశైలం దాకా పోతాడు, నాన్న "అబ్బో" అంటాడు. పోయినసారి ఎంత అన్నది తప్పకుండా రాయండి, 9 చూసి తిట్టబోయేవాళ్లు 6 చూసి ఆగుతారు. చదవలేని ఇళ్లకి ఇదే మాట ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్‌గా పంపండి, నేను సెక్షన్‌కి ఏడెనిమిది మందికి అట్లాగే పంపుతాను.

రెండు సెక్షన్లకీ ఇంత రాయాలంటే టైం ఎక్కడ అంటారు. ప్రతి వారం ప్రతి పిల్లోడికీ రాయక్కర్లేదు. అంకెలు అందరికీ వెళ్తాయి, ఆ ఒక్క వాక్యం మాత్రం సెక్షన్‌కి వారానికి పదిమందికి, రోల్ నంబర్ వరసలో. నెల, నెలన్నరలో అందరూ ఒక రౌండ్ అయిపోతారు. పంపడం కూడా సులువుగా పెట్టుకోవచ్చు. వాట్సాప్ వాళ్ల డబ్ల్యూఏ డాట్ మీ లింకు ఉంది, దాని వెనక 91 కలిపి ఫోన్ నంబర్, ఆ తర్వాత మెసేజ్ పెడితే, నొక్కగానే ఆ మనిషి చాట్ తెరుచుకుని మెసేజ్ రాసి సిద్ధంగా ఉంటుంది, మనం పంపు అనడమే. గూగుల్ షీట్‌లో హైపర్‌లింక్ ఫార్ములాతో ఒక్కో పిల్లోడి వరుస చివర ఈ లింకు దానంతటదే తయారయ్యేట్టు చేసుకోవచ్చు, తెలుగు అక్షరాలు చెడిపోకుండా మెసేజ్‌ని ఎన్‌కోడ్ యూఆర్ఎల్ అనే ఫార్ములాలో చుట్టాలి. మీ స్కూల్లో కంప్యూటర్ సార్ ఉంటే అరగంటలో చేసిస్తాడు. 43 మందికి నాకు పావుగంట పడుతుంది, టీ తాగుతూ. బ్రాడ్‌కాస్ట్ లిస్టు దీనికి పనికిరాదు, అందులో అందరికీ ఒకటే మెసేజ్ పోతుంది, పైగా మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకి అసలు చేరదు. సోమవారం పరీక్ష ఉంది, శనివారం సెలవు అని చెప్పుకోడానికి మాత్రం మంచిదే, 256 మంది దాకా పడతారు.

మీ కరస్పాండెంట్ ఎస్ఎంఎస్ ప్యాకేజీ కొందామంటే ఒక లెక్క చెప్పండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్ఎంఎస్‌కి 160 పడతాయి, తెలుగులో 70 మాత్రమే. అందులోనూ గుణింతం గుర్తు, ఒత్తు కోసం వాడే పొల్లు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి, "స్త్రీ" అని ఒక్క అక్షరం రాస్తే ఆరు పోయినట్టు. తెలుగులో నాలుగు మాటలు రాసేసరికి రెండో మెసేజ్ చార్జీ పడుతుంది. అది కాక స్కూల్ పేరు, మెసేజ్ నమూనా ముందే డీఎల్‌టీలో, అంటే టెలికాం కంపెనీలు నడిపే నమోదు పోర్టల్‌లో, రిజిస్టర్ చేయించాలి, నమూనా దాటి ఒక్క వాక్యం సొంతంగా రాయడానికుండదు. మనకి కావలసిందే ఆ ఒక్క వాక్యం.

గోప్యత విషయంలో కొంచెం గట్టిగా చెబుతాను. మార్కుల లిస్టు ఫొటో తీసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు మీ దగ్గరుంటే ఈరోజే మాన్పించండి. వెనకబడిన పిల్లోడి అమ్మ ఆ గ్రూపు నుంచి వెళ్లిపోతుంది, ఆ తర్వాత మీకు ఆమెను చేరే దారి ఉండదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, దాని లెక్కలో 18 నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. అడ్మిషన్ ఫారంలో దానికి విడిగా ఒక సంతకం తీసుకోండి. ఇక షీట్ లింకు. రోల్ నంబర్ కొడితే మార్కులు వచ్చేట్టు ఒకే షీట్ చేసి అందరికీ లింకిచ్చే స్కూళ్లున్నాయి, రోల్ నంబర్ 12 బదులు 13 కొడితే పక్కోడివి వస్తాయి, అదేం తాళం? అసలు లిస్టు ఉన్న షీట్‌ని దాచాం కదా అంటారు, ఫైల్ కాపీ చేసుకుంటే దాచింది బయటపడుతుంది. నేనూ ఒకసారి ఇంకా గొప్ప పని చేశాను, "లింకు ఉన్నవాళ్లెవరైనా ఎడిట్ చేయొచ్చు" అని ఉన్నది చూసుకోకుండా లింకు పంపేశాను. రెండు రోజుల తర్వాత ముగ్గురి మార్కులు పెరిగాయి. వెర్షన్ హిస్టరీ తీస్తే మార్చిన టైం కనపడింది, లాగిన్ కాకుండా మార్చారు కాబట్టి పేరు కనపడలేదు. కనపడాల్సిన పని కూడా లేదు, పెరిగిన ముగ్గురూ ఒకే బెంచి. నవ్వొచ్చింది, తిట్టలేదు, 11ని 17 చేసుకున్నోడిని నిజంగానే తర్వాతి టెస్టులో 17 తెచ్చుకోమన్నాను. 14 తెచ్చుకున్నాడు.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని కూడా అడిగారు. మీకు ఇప్పటికే ఒకటి ఉంది కాబట్టి దాన్నే సరిగా వాడండి, మార్చొద్దు. మేము కొన్న యాప్ చెడ్డదేం కాదు, కానీ డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఓటీపీ కొట్టాలి, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి, ఫోన్‌లో జాగా ఉండాలి. జూన్‌లో అందరి చేతా పెట్టించాం, దసరా సెలవుల నాటికి తెరిచేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గూగుల్ క్లాస్‌రూం పిల్లలకి బాగుంటుంది, ఎవరి మార్కు వాళ్లకే కనిపిస్తుంది, విద్యాసంస్థలకిచ్చే మామూలు ఎడిషన్‌కి డబ్బు కట్టక్కర్లేదు. అందులో తల్లిదండ్రులకి వెళ్లే సమ్మరీ మాత్రం ఈమెయిల్‌కి వెళ్తుంది, అందులో ఇవ్వని పనులు, రాబోయే పనులు ఉంటాయి, మార్కులు ఉండవు. మన దగ్గర ఈమెయిల్ తెరిచే నాన్నలు ఎంతమంది? బుక్ మీ కోసం ఎక్కడైనా ఉండనీయండి, ఇంటికి మాత్రం వాళ్లు రోజూ తెరిచే చోటికే పంపండి. ఏడాదికి మూడుసార్లయినా కాగితం మీద ప్రింట్ తీసి చేతికివ్వండి. 2024 డిసెంబర్ 7న సర్కారు బడులన్నిట్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు కదా, ఉప ముఖ్యమంత్రి కడప మున్సిపల్ హైస్కూలుకు వచ్చింది ఆ రోజే. అక్కడ పనిచేసే నా స్నేహితుడొకడు చెప్పాడు, ఫొటోలు, హడావిడి అంతా పక్కన పెడితే, కార్డు చేతిలో పట్టుకుని పిల్లోడిని పక్కన కూర్చోబెట్టుకున్న నాన్న అడిగే ప్రశ్నలు ఫోన్‌లో అడిగే ప్రశ్నల్లా ఉండవట. నేనూ అదే చూశాను.

మిగతా టీచర్లు మార్కులు ఎక్కించడం లేదన్నారు. బతిమాలొద్దు, ఖాళీ గడిని ఖాళీగానే పంపండి, "సైన్స్: ఇంకా రాలేదు" అని. రెండు శుక్రవారాలు చాలు. మొదట కొంచెం మొహాలు మాడతాయి, మా సైన్స్ సార్ నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు.

రాత్రి పదింటి ఫోన్లకి: ప్రతి మెసేజ్ కింద "మాట్లాడాలంటే శనివారం నాలుగు నుంచి ఐదున్నర, స్కూల్‌కి రండి లేదా ఆ టైంలో ఫోన్ చేయండి" అని ఒక లైను పెట్టండి. ఆ టైంలో తప్పకుండా ఫోన్ ఎత్తండి, మిగతా టైంలో ఎత్తకండి. మొదటి నెల తిట్టుకుంటారు. వచ్చినోళ్లతో మాట్లాడేటప్పుడు పేపర్ ముందు పెట్టండి, పిల్లోడిని కూడా పిలవండి, మార్కు గురించి మొదటి మాట వాడినే చెప్పనివ్వండి. "మ్యాపు వదిలేసినా నాన్నా, టైం సరిపోలే" అని వాడి నోటి నుంచి వస్తే మీరు చెప్పాల్సింది పెద్దగా ఉండదు. అందుకే ముందు పేపర్ వాడి చేతికి చేరాలంటున్నాను.

ఒక్క విషయంలో మాత్రం మీకు కష్టం తప్పదు, ర్యాంకులు. కరస్పాండెంట్ ర్యాంకులు కావాలంటాడు, ఫ్లెక్సీకి కావాలి కదా. మా దగ్గర కూడా పూర్తిగా ఆపించలేకపోయాను. ఇంటికి పంపే దాంట్లోంచి తీయించాను, నోటీసు బోర్డు మీద మొదటి పదిమందివి మాత్రం ఉన్నాయి, అంతవరకే సాధ్యమైంది. మీ వాడితో మాట్లాడేటప్పుడు పిల్లల మనసు గురించి మొదలుపెట్టకండి, వినడు. 38వ ర్యాంకు అని చూసిన నాన్న వచ్చే ఏడాది ఇంకో స్కూల్‌కి మారుస్తాడని చెప్పండి, వింటాడు.

ముందుగా ఈ వారం నంబర్లు సరిచూసుకోండి, ఆ తర్వాత సున్నాల సంగతి. మీ షీట్‌లో కాలమ్స్ ఏ వరసలో ఉన్నాయో ఇక్కడ రాసి పెడితే ఎక్కడ ఏమి మార్చాలో చెబుతాను. పిల్లల పేర్లు మాత్రం తీసేసి పెట్టండి.